అరవై నుంచి నలభైకి

పోశయ్య మా ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు. నాచారంలో సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ మాది. నేను స్టోర్స్‌లో గుమాస్తాని. తొంభై ఎనిమిదిలో తెనాలి వైపు నుంచి వచ్చి నారపల్లిలో ఇల్లు తీసుకున్నది మొదలు పోశయ్య బస్సే నా బస్సు. పొద్దున ఆరుంబావుకి ఘట్‌కేసర్‌లో బయల్దేరి, వరంగల్ హైవే మీదుగా బోడుప్పల్, ఉప్పల్ దాటించి, ఏడు కొట్టేలోగా మమ్మల్ని గేటు ముందు దించేవాడు. ఇంజను పెట్టె పక్కనున్న ఒంటి సీటు నాది. పదకొండేళ్ళు ఆ సీట్లోంచి నేను చూసింది రోడ్డు కాదు, పోశయ్యని.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బస్సెక్కగానే ముందు ఒక గుడ్డతో అద్దం తుడిచేవాడు. తుడిచాక ఆ గుడ్డని నాలుగు మడతలు పెట్టి ఒడిలో వేసుకునేవాడు. జనగామ దగ్గర పల్లె నుంచి పద్నాలుగేళ్ళప్పుడు లారీ మీద క్లీనరుగా వచ్చాడట. మా ఫ్యాక్టరీలో చేరాక పదిహేనేళ్ళు బండికి గీత పడనివ్వలేదు. చెంగిచెర్లలో రెండు గదుల ఇల్లు. భార్య మల్లవ్వ నాలుగిళ్ళలో పనిచేసేది. పిల్లలు లేరు.

పోశయ్యకి ఒక అలవాటుండేది. స్టాపు దగ్గర బస్సు కదిలే వేళకి ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తే ఆగేవాడు. ముఖ్యంగా ఆడవాళ్ళు. ఏడు దాటితే గేటు మూసేస్తారు, సగం రోజు పోతుంది. అందుకని ఒక నిమిషం ఇక్కడ, అర నిమిషం అక్కడ ఆగి, ఆ పోయిన నిమిషాలన్నీ హైవే మీద పట్టుకునేవాడు. అరవై దాటనిచ్చేవాడు కాదు. ఆ రోడ్డు మీద హద్దు అరవై. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది దగ్గర ముల్లు నిలబడిపోయేది.

రెండు వేల తొమ్మిది నవంబరులో ఒక పొద్దున కూడా ఎవరికోసమో ఆగాడు. ఎవరికోసమో నాకు గుర్తులేదు. నాకోసం మాత్రం కాదు.

బోడుప్పల్ దాటి ఉప్పల్ వైపు వస్తున్నాం. తెల్లవారింది గానీ ఎండ ఇంకా రాలేదు. రోడ్డు మధ్యనున్న డివైడరు మీద ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. చేతిలో పాలకి తెచ్చుకున్న సంచి. పోశయ్య హారన్ కొట్టాడు. పెద్దాయన మా వైపు చూసినట్టే చూసి రోడ్డు మీదికి దిగాడు. అప్పుడు పోశయ్య బ్రేకు తొక్కాడు. నేను ముందుకు పడి ఇనుపకమ్మీ పట్టుకున్నాను. బస్సు ఆగేసరికి పెద్దాయన కనబడలేదు.

జనం పోగయ్యారు. డ్రైవర్ని కిందికి లాగారు. పారిపొమ్మని నేను పోశయ్య చెవిలో చెప్పాను. పోలేదు. రెండు దెబ్బలు తిని, పెద్దాయన్ని తనే ఎత్తుకుని బస్సులో పడుకోబెట్టి, ఉప్పల్‌లో ఒక ఆసుపత్రికి తోలాడు. దారిలోనే ప్రాణం పోయింది. ఆ విషయం నాకు తెలుసు. వెనక కూర్చుని ఆయన తల పట్టుకున్నది నేనే. పోశయ్యకి చెప్పలేదు. చెబితే బండి నడపలేడేమోనని.

ఆయన పేరు రామ్మోహనరావు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. ఏలూరు వైపు వాళ్ళు. ఆ పక్కనే కాలనీలో ఇల్లు. భార్య శ్యామలాదేవి హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి ఆ ఏడే రిటైరైంది. ఒక కూతురు, సుష్మ, తార్నాకలో బ్యాంకు ఉద్యోగి.

కేసు పెట్టారు. ఫ్యాక్టరీ వకీలు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "స్పీడు హద్దులోనే ఉంది. బ్రేకులు బాగున్నాయని ఇనస్పెక్టరు రాసిచ్చాడు. ఆయన ఒక్కసారిగా దిగాడు. ఇంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకండి."

నేను పోలీసుల దగ్గర అదే చెప్పాను. యాభై ఎనిమిదిలో వస్తున్నాం, ఆయన ఒక్కసారిగా దిగాడు అని. అందులో అబద్ధం లేదు. కానీ సగం చెప్పాను. డివైడరు మీద నిలబడ్డ మనిషిని ముందే చూశామన్న సంగతి చెప్పలేదు.

పదకొండో రోజున పోశయ్య ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. గేటు దగ్గర సుష్మ నిలబడి, "అమ్మ మిమ్మల్ని చూడనంటోంది. వెళ్ళండి," అంది. పోశయ్య చెప్పులు విడిచి, కాసేపు గేటు బయటే నిలబడి, మళ్ళీ చెప్పులేసుకుని వచ్చేశాడు.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది. బెయిలు మీద ఉన్న పోశయ్య మళ్ళీ బస్సెక్కాడు. అద్దం తుడిచేవాడు. గుడ్డ మడతపెట్టేవాడు. కానీ ఎవరికోసమూ ఆగడం మానేశాడు. ముల్లు నలభై దాటేది కాదు. గేటు మూసేస్తారని వెనక నుంచి అరుపులు. పదిహేను నిమిషాలు ముందే బయల్దేరదాం అన్నాడు. ఎవరూ ఒప్పుకోలేదు. మేనేజరు పిలిచి, "హద్దు అరవై కదయ్యా, నలభైలో పోవడానికి నీకేం వచ్చింది," అన్నాడు. పోశయ్య తల వంచుకుని వచ్చాడు. ఆ తర్వాత అతన్ని బస్సు దించి, గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టే పనిలో వేశారు.

రెండు వేల పదకొండు జూన్ నెల. తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటావార్పు చేయాలని పిలుపిచ్చారు. ఆ రోజు హైవే మొత్తం ఆగిపోయింది. లారీలు లేవు, బస్సులు లేవు. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా జనమే. రోడ్డు మధ్యలో పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, డప్పులు, పాటలు. నేను ఇంట్లో కూర్చుని ఉంటే పోశయ్య వచ్చి పిలిచాడు.

"రా సారూ, తిని వద్దాం."

"నేనెందుకులే పోశయ్యా. నా మాట వినగానే పట్టేస్తారు."

"ఎవడు పడ్తడు? నా ఎన్క రా. అన్నం కాడ ఎవ్వని ఊరు ఎవ్వడు అడగడు."

ఇద్దరం నడుచుకుంటూ బయల్దేరాం. బోడుప్పల్ దగ్గర పప్పు, అన్నం తిన్నాం. నన్నెవరూ ఏమీ అడగలేదు. అక్కణ్ణుంచి పోశయ్య ఇంకా ముందుకు నడిచాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నాడో నాకు అర్థమైంది.

ప్రమాదం జరిగిన చోట ఇద్దరు ఆడవాళ్ళున్నారు. శ్యామలాదేవి గారు, సుష్మ. వాళ్ళ చేతుల్లో మేస్త్రీల దగ్గరుండే పొడుగాటి టేపు. ఆయన దిగిన చోట ఒక చివర సుష్మ పట్టుకుంది. రెండో చివర పట్టుకుని ఆవిడ కరెంటు స్తంభం దగ్గర వంగి ఏదో రాసుకుంటోంది. బండ్లు లేని రోడ్డు దొరికిన రోజు అదొక్కటే. అందుకే వచ్చారు.

పోశయ్య పది అడుగుల దూరంలో ఆగి దణ్ణం పెట్టాడు.

"ఆ థంబం కాదమ్మా," అన్నాడు. "దాని ఎన్క దాని కాడ జూసిన నేను సార్‌ను."

ఆవిడ లేచి నిలబడింది. అరవై దాటలేదింకా, కానీ జుట్టు మొత్తం తెల్లబడింది. చాలాసేపు అతన్నే చూసింది. సుష్మ టేపు వదిలేసి మధ్యకి రాబోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆయన ఒక్కసారిగా దిగారని కదా మీరు చెప్పింది?" అంది. మాట నాకు తగిలింది. చెప్పింది నేను.

"దిగిండు. గని అంతకు ముందే నేను జూసిన. డివైడర్ మీద నిలబడ్డడు. నిలబడ్తడులే అనుకున్న. హారన్ గొట్టిన. కాలు మాత్రం తియ్యలే."

"ఎందుకు తియ్యలేదు?"

"హద్దులున్న గద అనుకున్న. అరవై రాసిన్రు, నేను యాభై ఎన్మిదిల ఉన్న. తప్పు నాది గాదు అనుకుంట పోయిన."

ఆవిడ టేపు చివర అతని చేతికిచ్చింది. పోశయ్య వెనక స్తంభం దగ్గరికి వెళ్ళి పట్టుకున్నాడు. డప్పులు కొట్టేవాళ్ళు, అన్నాలు తినేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. ఏం కొలుస్తున్నారన్నా అని ఒకడు అడిగాడు. నూట పదిహేను అడుగులు వచ్చింది.

డివైడరు గట్టు మీదే కూర్చుని ఆవిడ లెక్క కట్టింది. పిల్లలకి బోర్డు మీద చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. మనిషికి కాలు కదలడానికే ఒక సెకను పడుతుంది. యాభై ఎనిమిదిలో వస్తుంటే, చూసిన క్షణమే బ్రేకు తొక్కినా బస్సు నూట పదిహేను అడుగుల్లో ఆగదు. నలభైలో వస్తుంటే, ముందు హారన్ కొట్టి, ఇంకో సెకను వృథా చేసి, ఆ తర్వాత తొక్కినా ఆగుతుంది. అడుగో రెండు అడుగులో మిగిలి.

"అంటే నలభైల ఉంటే నా తప్పును గూడ బండి మాఫ్ జేస్తుండె," అన్నాడు పోశయ్య.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పోయాక ఆవిడ బయట ఏడవడం అదే మొదటిసారని తర్వాత సుష్మ చెప్పింది.

అసలు సంగతేమిటంటే ఆవిడ అప్పటికే ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా రోడ్డుకి రెండు పక్కలా కాలనీలు వచ్చేశాయి, పిల్లలు, ముసలివాళ్ళు దాటుతున్నారు, అక్కడ హద్దు అరవై నుంచి నలభైకి తగ్గించండి అని అర్జీ. నాలుగు వందల సంతకాలు పోగుచేసింది. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంటుంది. ఆ ఆఫీసు దీనికే పొమ్మంటుంది. హైవే మీద బండ్లు పోవాలి గానీ ఆగుతాయా అమ్మా అని ఒకాయన నవ్వాడట.

వారం తిరక్కుండానే పోశయ్య ఆవిడ ఇంటికి వెళ్ళాడు. ఈసారి గేటు తీశారు.

"ఆ కాయితం మీద నేను గూడ సంతకం పెడ్తనమ్మా."

"మీ కేసు నడుస్తోంది. మీరు పెట్టకూడదు," అందావిడ.

"వేరేటోళ్ళయి సంతకాలు. నాది సాక్ష్యం. గుద్దినోడే వచ్చి నలభై పెట్టుమంటే ఇంటరు గద."

నేను వద్దన్నాను. వకీలు గట్టిగా వద్దన్నాడు. మల్లవ్వ ఏడ్చి మొత్తుకుంది. పోశయ్య వినలేదు. డివైడరు మీద మనిషిని చూశాను, హారన్ కొట్టాను, కాలు తియ్యలేదు, హద్దులో ఉన్నాను గనుక తప్పు లేదనుకున్నాను, ఆ హద్దు నలభై అయి ఉంటే ఆయన బతికేవాడు. ఇదీ అతను చెప్పింది. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. సంతకం వరకు నేర్చుకున్నాడు.

ఆ కాగితం అర్జీతో పాటు పై ఆఫీసుకి వెళ్ళింది. అక్కణ్ణుంచి పోలీసులకి, పోలీసుల నుంచి ప్రాసిక్యూటరుకి. మూడు నెలల్లో అది కోర్టు ముందుకి వచ్చింది.

ఆ రోజు కోర్టులో శ్యామలాదేవి గారు లేచి నిలబడి, ఆ కాగితం నా అర్జీ కోసం రాసింది, దాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను అంది. అది మీ చేతిలో లేదమ్మా, కూర్చోండి అన్నాడు మేజిస్ట్రేటు. తర్వాత పోశయ్యని అడిగాడు.

"ఇది నీదేనా?"

"నాదే సార్."

"ఎవరైనా బలవంతంగా రాయించారా?"

"లేదు సార్. జూసింది జెప్పిన."

నన్నెవరూ మళ్ళీ పిలవలేదు. వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. పిలిస్తే ఏం చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు. లేచి చెప్పొచ్చు కదా అని మీరంటారేమో. నాకూ అనిపించింది, బయటికి వచ్చాక.

ఆరు నెలలు జైలు. లైసెన్సు రద్దు. పై కోర్టుకి పోదామంటే పోశయ్య వద్దన్నాడు. ఫ్యాక్టరీ ఆ నెలే పేరు కొట్టేసింది.

అతను లోపలున్నప్పుడు శ్యామలాదేవి గారు ఒకసారి నన్ను వెంటబెట్టుకుని చెంగిచెర్ల వెళ్ళింది. మల్లవ్వ పని నుంచి అప్పుడే వచ్చింది. మమ్మల్ని చూసి తలుపు తీసి, చాప వేసి, మంచినీళ్ళిచ్చింది. తను గడప మీద కూర్చుంది.

"నావల్లే ఇదంతా," అంది శ్యామలాదేవి గారు.

"మీ పెనిమిటి పోయిండు. నా పెనిమిటి లోపటున్నడు," అంది మల్లవ్వ. "నేనేమనాలె అమ్మా మిమ్ముల? నాకు సమజ్ అయితలేదు."

అంతే. మేము లేచి వచ్చేశాం.

పోశయ్య బయటికి వచ్చిన ఏడాదిలోపే, రెండు వేల పదమూడు మొదట్లో, హద్దు తగ్గించారు. రోడ్డు హద్దులు తేల్చే కమిటీ మీటింగులో ఆ అఫిడవిట్ చదివారని, చదివాక ఎవరూ నవ్వలేదని ఒక ఇంజనీరు ఆవిడకి చెప్పాడట. ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా గుండ్రటి బోర్డులు పాతారు. ఎర్ర గీత మధ్యలో నలభై. మొదటి నెల ఒక్కడూ లెక్కచెయ్యలేదు. తర్వాత పోలీసులు చెట్టు చాటున కెమెరా పెట్టుకుని నిలబడితే కాస్త దారికొచ్చారు.

ఆవిడ పేపర్లు కత్తిరించి దాచేది. అంతకు ముందు ఏడాది ఆ ముక్క రోడ్డు మీద తొమ్మిదిమంది పోయారు. బోర్డులు పెట్టాక ఏడాదికి ఐదుగురు. ఆ సంగతి పోశయ్యకి చెప్పడానికి నన్ను రమ్మంది. ముగ్గురం ఆవిడ ఇంట్లోనే కూర్చున్నాం.

"ఇంకా ఐదుగురు పోతున్నరు గదమ్మా," అన్నాడు పోశయ్య.

"నలుగురు ఇళ్ళల్లో ఉన్నారు," అందావిడ. "ఆ నలుగురూ తామేనని వాళ్ళకి తెలియదు. మనకీ తెలియదు."

పోశయ్య తల ఊపాడు. సంతోషపడ్డాడని చెప్పలేను. టీ తాగి గ్లాసు కడిగి పెడతానని లేస్తే ఆవిడ వద్దంది.

లైసెన్సు మళ్ళీ తెచ్చుకునే వీలు వచ్చింది. నేనే పట్టుబట్టి ఆఫీసు చుట్టూ తిప్పి ఇప్పించాను. బోడుప్పల్‌లో ఒక చిన్న స్కూలు వ్యాను ఉంటే మాట్లాడాను. నాలుగు రోజులు నడిపాడు. ఐదో రోజు స్కూలు వాళ్ళు నాకు ఫోను చేశారు. మీ మనిషి బండిని నడిపిస్తున్నాడా, నెడుతున్నాడా అని. పిల్లలు బడికి గంట ఆలస్యంగా వెళ్తున్నారట. వెనక బండ్లవాళ్ళు దిగి తిడుతున్నారట.

సాయంత్రం చెంగిచెర్ల వెళ్ళాను. పోశయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నలభైలోనే పో పోశయ్యా. ఇప్పుడు నలభైకి ఎవరూ ఏమనరు కదా," అన్నాను.

"నలభై యాడిది సారూ. ఇరవై గూడ పోతలేదు," అన్నాడు. కుడి కాలు వైపు చూపించాడు. "కాలు బ్రేకు మీదికెంచి లేస్తలేదు. లేపుదామంటే వణుకుతది. పక్కన పోయేటోళ్ళందరు దిగుతరనే అనిపిస్తది."

మర్నాడు తాళాలు ఇచ్చేశాడు. ఆ తర్వాత నాచారంలో సీసాల పెట్టెలు మోసే పనికి కొన్నాళ్ళు వెళ్ళాడు. నడుం పట్టేసింది. చివరికి జనగామ దగ్గర తమ్ముడి పొలంలో పని చేసుకుంటామని ఇద్దరూ ఊరికి బయల్దేరారు. రెండు వేల పద్నాలుగు జూన్. తెలంగాణ వచ్చి వారమైంది. ఉప్పల్ రింగురోడ్డులో ఇంకా గులాబీ తోరణాలు వేలాడుతున్నాయి.

బస్సెక్కించడానికి వెళ్ళాను. రెండు మూటలు, ఒక సూట్‌కేసు, ఒక స్టవ్వు. బస్సు ఖాళీగానే ఉంది. ముందు సీట్లో కూర్చోమన్నాను. పోశయ్య వద్దని, డ్రైవరు కనబడని చోట, వెనక కిటికీ పక్కన కూర్చున్నాడు.

"తెలంగాణ వచ్చింది, నువ్వేమో హైదరాబాద్ వదిలి పోతున్నావు," అన్నాను. నవ్వుతాడేమో అని.

"ఊరు గూడ తెలంగాణనే గద సారూ," అన్నాడు. నవ్వలేదు. "పాణం బాగ జూస్కో. రోడ్డు దాటేటప్పుడు జర నిలబడు."

బస్సు కదిలింది. నలభై బోర్డు దాటి వెళ్ళేటప్పుడు దాని వేగం ఎంతో నాకు తెలియదు. తక్కువేం కాదు.

అక్కణ్ణుంచి సరాసరి శ్యామలాదేవి గారింటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూరగాయలు తరుగుతోంది. పోశయ్య వాళ్ళు ఊరెళ్ళిపోయారు, ఇప్పుడే ఎక్కించి వస్తున్నాను అని చెప్పాను. కత్తిపీట మీద ఆవిడ చెయ్యి ఆగింది.

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

నేను మెట్టు మీద కూర్చున్నాను.

"ఉండమని నేనే అడగాల్సింది," అంది. "మొన్న వచ్చినప్పుడే అతని వాలకం చూసి అడుగుదామనుకున్నాను. ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను."

కాసేపటికి లోపలికి వెళ్ళి కాగితం, కలం తెచ్చి, ఊరి పేరు, మండలం రాసివ్వమంది. రాసిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదువుకుని, ఇంటిపేరు కూడా రాయండి, ఆ ఊళ్ళో పోశయ్యలు ఇంకా ఉంటారు అంది. అతని ఇంటిపేరు నాకు తెలియదని అప్పుడు తెలిసింది. పదహారేళ్ళ పరిచయం. ఆవిడ లోపలికి వెళ్ళి కోర్టు కాగితాలు తెచ్చి, వాటిలో చూసి, తనే రాసుకుంది.